జ్ఞాపకంలో ఊరు, చరిత్రలో ఊరు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల స్థానిక చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గ్రామజీవితాన్ని గురించిన జ్ఞాపకాలు స్థానిక చరిత్ర రచనకు ముఖ్యమైన ఆధారాలు. అయితే ఆ జ్ఞాపకాలలోని బెంగ అన్ని వర్గాలలో, అన్ని ప్రాంతాలలో ఒకే విధంగా ఉండదు. నిజాం పాలనలోని తెలంగాణ పల్లెను జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ మూడు చోట్ల 'అప్పట్లో' అనే మాట మూడు వేర్వేరు కాలాలను సూచిస్తుందనీ, జనగామ ప్రాంతంలో ప్రజలు మక్కువతో తలచుకునేది పాత ఊరిని కాక ఆ ఊరి కట్టుబాటును ఎదిరించిన కాలాన్ననీ ప్రతిపాదిస్తుంది. ఊరి బెంగను తోసిపుచ్చకుండా, దానిని ఆధారంగా చదవవలసిన పద్ధతిని చర్చిస్తుంది.

కీలక పదాలు: స్థానిక చరిత్ర, జ్ఞాపకం, గడి, వెట్టి, మేర, చెరువు, సంఘం, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ పల్లెల్లో ఇటీవలి దశాబ్దాలలో బొడ్రాయి ప్రతిష్ఠాపన ఉత్సవాలు విరివిగా జరుగుతున్నాయి. ఊరి నడిబొడ్డున ఉండే బొడ్రాయిని తిరిగి నిలిపే ఈ సందర్భానికి పెళ్లిళ్లయి వెళ్లిన ఆడబిడ్డలను పిలుస్తారు. బతుకుదెరువు కోసం హైదరాబాదుకో, ముంబయికో, గల్ఫ్ దేశాలకో వెళ్లినవారు తిరిగివస్తారు. ఆ రెండు మూడు రోజులు ఊరు తన గతాన్ని తలచుకుంటుంది. అందరూ కలిసిమెలిసి బతికిన రోజులు, నిండిన చెరువు, కల్లం మీద ధాన్యం, పీర్ల పండుగలో హిందువులూ ముస్లింలూ కలిసి ఆడిన అలాయి మాటల్లోకి వస్తాయి.

ఈ జ్ఞాపకం అబద్ధం కాదు. కాని సంపూర్ణం కూడా కాదు. నిండిన చెరువు కింద ఎవరి పొలం పారింది, కల్లం మీది ధాన్యం ఎవరి ఇంటికి చేరింది అనే ప్రశ్నలు ఉత్సవ వేళ సాధారణంగా రావు. అవి స్థానిక చరిత్రకారుడు వేయవలసిన ప్రశ్నలు.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. అంతకుముందు ఇవి చాలావరకు వరంగల్ జిల్లాలోని భాగాలు. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. భూపాలపల్లి జిల్లాలో చేరిన మహదేవపూర్ ప్రాంతం 2016 వరకు కరీంనగర్ జిల్లాలోనిది. పాలనా సరిహద్దులు ఇన్నిసార్లు మారినచోట ప్రజలకు స్థిరంగా మిగిలిన చిరునామా ఊరే. ఊరి జ్ఞాపకానికి ఇంత బలం ఉండడానికి అదొక కారణం.

2. ఊరి బెంగ: ఇంగ్లండు అనుభవం

గ్రామాన్ని గురించిన బెంగ, దాని విమర్శ రెండూ ఆంగ్ల సాహిత్యంలో చాలాకాలంగా పక్కపక్కనే ఉన్నాయి. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1770లో ప్రచురించిన కావ్యంలో జనం వలసపోయి పాడుబడిన పల్లెను తలచుకుని దుఃఖించాడు. జార్జ్ క్రాబ్ 1783లో దానికి భిన్నంగా పల్లెలోని పేదల కష్టాన్ని వర్ణించాడు. రేమండ్ విలియమ్స్ 1973లో వెలువరించిన 'ద కంట్రీ అండ్ ద సిటీ' గ్రంథంలో ఒక ముఖ్యమైన విషయాన్ని గుర్తించాడు. ప్రతి తరమూ మంచి పల్లె తన బాల్యంలోనే ముగిసిపోయిందని చెబుతుంది. ఆ బాల్యకాలపు రచనలను వెతికితే, అవి అంతకు ముందరి తరాన్ని చూపుతాయి. ఇలా వెనక్కి పోతున్నకొద్దీ స్వర్ణయుగం ఇంకా వెనక్కి జరుగుతుంది.

అయినా అక్కడ ఈ బెంగ నుంచే స్థానిక చరిత్ర ఒక శాస్త్రంగా ఎదిగింది. డబ్ల్యూ.జి. హాస్కిన్స్ 1955లో వెలువరించిన గ్రంథంలో పొలాల గట్లను, దారులను, కంచెలను పత్రాల మాదిరిగా చదివి చూపాడు. రోనాల్డ్ బ్లైత్ 1969లో సఫోక్ ప్రాంతపు పల్లెజనం మాటలను 'ఏకెన్‌ఫీల్డ్' అనే మారుపేరు గల ఊరి చుట్టూ సంకలనం చేశాడు. అందులో వృద్ధ వ్యవసాయ కూలీలు తమ యౌవనాన్ని అందంగా వర్ణించలేదు. చాకిరీనీ లేమినీ చెప్పుకున్నారు.

ఇదే కాలపు బ్రిటిష్ ఆలోచన భారతీయ గ్రామాన్ని గురించిన ఊహను కూడా ప్రభావితం చేసింది. చార్లెస్ మెట్‌కాఫ్ 1830 నాటి తన నివేదికలో భారతీయ గ్రామాలను చిన్న గణతంత్రాలుగా పేర్కొన్నాడు. హెన్రీ మెయిన్ 1871లో తూర్పు పడమరల గ్రామ సమాజాలను పోల్చాడు. ఈ స్వయంపోషక గ్రామ భావన తరువాత జాతీయోద్యమంలోనూ చోటు సంపాదించింది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఈ భావనను తీవ్రంగా ఖండించాడు. అప్పటికి హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసి రెండు నెలలైనా కాలేదు. జనగామ పల్లెల్లో గ్రామం అంటే ఏమిటన్నది అప్పుడు కేవలం సిద్ధాంత చర్చ కాదు. పొలాల మీద తేలుతున్న విషయం.

3. ఊరి ఆధారాలు: శాసనం, దఫ్తరం, నోటిమాట

కోస్తా, దత్త మండలాల గ్రామాలకు కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులు ఉన్నాయి. నిజాం తెలంగాణలో స్థానిక చరిత్రకు ఆధారాలు ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది శాసనం. మహబూబాబాద్ జిల్లాలోని కొరవి శాసనం తొలినాటి తెలుగు వచనానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అదే జిల్లాలోని బయ్యారంలో గణపతిదేవుని సోదరి మైలాంబ ధర్మకీర్తి సముద్రం అనే చెరువును తవ్వించి వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమానికి కీలకమైన ఆధారమైంది. భూపాలపల్లి జిల్లా గణపురంలో చెరువూ, కోటగుళ్లూ కాకతీయ యుగానికి చెందినవే. శాసనం దాతను, దానాన్ని నమోదు చేస్తుంది. మట్టి మోసినవారి ఊసు అందులో సాధారణంగా ఉండదు.

రెండవది దఫ్తరం. పట్వారీ రాసిన పహాణీలు, సేత్వార్లు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ ఊరి భూమిని సర్వే నంబర్ల వారీగా చూపుతాయి. నిజాం కాలపు లెక్కల భాష చాలామంది రైతులకు చదవరానిది. కాగితం మీద పట్టాదారు పేరు ఒకటి, చేలో నాగలి పట్టిన మనిషి మరొకరు కావడం సర్వసాధారణం.

మూడవది నోటిమాట. ఇందులో కుటుంబ జ్ఞాపకాలే కాక కులాశ్రిత కళారూపాలు కూడా చేరతాయి. జనగామ ప్రాంతం ఈ విషయంలో సంపన్నమైనది. ఒగ్గుకథకు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చిన చుక్క సత్తయ్యది లింగాలఘనపురం మండలంలోని మాణిక్యాపురం. 2024లో పద్మశ్రీ పురస్కారానికి ఎంపికైన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యది దేవరుప్పుల మండలంలోని అప్పిరెడ్డిపల్లి. ఈ కళారూపాలు కులాల పుట్టుకను, గౌరవాన్ని ఆయా కులాల వైపు నుంచి చెబుతాయి. శాసనంలోనూ దఫ్తరంలోనూ పేరు లేనివారు తమను తాము నమోదు చేసుకున్న చోటు ఇదే.

4. చెరువు, మేర, వెట్టి

ఊరి బెంగకు కేంద్రం చెరువు. కట్ట, తూము, మత్తడి, శిఖం అనే మాటలు నేటికీ వాడుకలో ఉన్నాయి. చెరువు నిండి మత్తడి దూకిన రోజు ఊరంతటికీ పండుగ. చెరువు ఒడ్డున కట్టమైసమ్మ, బతుకమ్మలను సాగనంపే రేవు, చాకలి బండలు, ఎండాకాలం చేపలు పట్టే రోజు జ్ఞాపకాల్లో తప్పక కనిపిస్తాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పునరుద్ధరణ పథకానికి ఆ పేరు పెట్టడం కూడా ఈ జ్ఞాపకం మీద ఆధారపడినదే.

చెరువు నీటిని పొలాలకు వంతులవారీగా పారించేవాడు నీరటి. అతనికీ వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైన వృత్తులవారికీ పంట కోసినప్పుడు కల్లం దగ్గర మేర కొలిచేవారు. పరస్పర ఆధారం మీద నడిచిన వ్యవస్థగా దీనిని తలచుకోవడం పరిపాటి. ఎస్.సి. దూబే 1955లో శామీర్‌పేటపై ప్రచురించిన 'ఇండియన్ విలేజ్' గ్రంథం కూడా ఊరిలో కులాలు వృత్తి సేవల ద్వారా ఒకదానితో ఒకటి ముడిపడిన తీరును వివరించింది.

ఈ వృత్తి సంబంధాల దారిలోనే వెట్టి కూడా నడిచింది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటంపై 1972లో వెలువరించిన గ్రంథం వెట్టి రూపాలను కులాలవారీగా నమోదు చేసింది. కుమ్మరి గడికీ, ఊరికి వచ్చిన అధికారులకూ కుండలివ్వాలి. గీత కార్మికుడు కల్లు పోయాలి. సాలెలు బట్ట ఇవ్వాలి. చాకలి బట్టలుతికి, అధికారుల పనులు చేయాలి. దళితులు కబురు మోయాలి, బరువు మోయాలి, దొర పొలంలో దుక్కి ముగిశాకనే తమ చేను చూసుకోవాలి. వెట్టిని నిషేధిస్తూ నిజాం ప్రభుత్వం ఉత్తర్వులిచ్చినా పల్లెలో అది ఆగలేదు. ఉత్తర్వును అమలు చేయవలసిన పటేల్, పట్వారీలు వెట్టి చేయించుకునేవారిలో భాగం కావడమే అందుకు ముఖ్య కారణం.

మేరకూ వెట్టికీ చేసే పని చాలాసార్లు ఒకటే. అదే కుండ, అదే ఉతుకు, అదే క్షౌరం. రైతు ఇంట చేసిన పనికి కల్లంలో ధాన్యం వచ్చింది. గడిలో చేసిన పనికి ఏమీ రాలేదు. మొదటి చోట బేరం ఆడే వీలు కొంతైనా ఉంది. రెండవ చోట కాదనే వీలు లేదు. కాబట్టి 'అందరూ ఒకరికొకరు ఆసరాగా ఉన్నారు' అన్న జ్ఞాపకం ఎదురైనప్పుడు, ఆ ఊరిలో కాదనగలిగినవారు ఎవరు అని అడగడం అవసరం. ఈ ఒక్క ప్రశ్న బెంగను చారిత్రకాధారంగా మారుస్తుంది.

5. జనగామ: 'సంఘం' కాలం

జనగామ జిల్లా పాలకుర్తి మండలం స్థానిక చరిత్రకారునికి ఒక పరీక్ష. పాల్కురికి సోమనాథుని పేరుతో ముడిపడిన పాలకుర్తి, పోతన స్వగ్రామంగా ప్రసిద్ధమైన బమ్మెర, వాల్మీకి పేరుతో చెప్పుకునే వల్మిడి, దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి అధికారానికి కేంద్రమైన విసునూరు అన్నీ ఈ మండలంలోనివే. సాహిత్య వైభవాన్ని మాత్రమే రాస్తే విసునూరు తప్పిపోతుంది. గడిని మాత్రమే రాస్తే బసవపురాణ, భాగవతాల వారసత్వాన్ని తమదిగా భావించే జనం మనసు అర్థం కాదు.

విసునూరు దేశ్‌ముఖ్ అధికారం అరవై గ్రామాలపై ఉండేదనీ, ఆయన కింద 40,000 ఎకరాలు ఉండేవనీ సుందరయ్య రాశాడు. ఈ అధికారాన్ని మొదట ఎదిరించినవారిలో కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ ఒకడు. తన భూమి కోసం కోర్టుకెక్కి నిలిచిన ఆయనను హత్య చేశారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి' నాటకానికి ఆయన కథ ప్రేరణ. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకుని పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వచ్చినప్పుడు ఆంధ్రమహాసభ కార్యకర్తలు అండగా నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుపై గడి మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు. ధర్మాపురం తండాకు చెందిన లంబాడీ రైతుల భూపోరాటం, జాటోతు ఠాను నాయక్ ప్రాణత్యాగం కూడా ఈ చరిత్రలోనివే.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి సమావేశం జరుపుకున్న ఆంధ్రమహాసభ, 1944 భువనగిరి సభ నాటికి రైతుకూలీల సంస్థగా మారింది. పల్లెజనం దానిని 'సంఘం' అన్నారు. ఈ ప్రాంతపు మౌఖిక కథనాల్లో ఆత్మీయతతో వినిపించే మాట అదే. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన 'మనకు తెలియని మన చరిత్ర' పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వారి భాషలోనే అందించింది. ఆ కృషిలో భాగస్వాములైన వసంత్ కన్నబిరాన్, కె. లలిత 1989లో ఈ విషయంపై రాసిన ఆంగ్ల వ్యాసానికి ఆ కాలాన్ని మంత్రముగ్ధమైన కాలంగా సూచించే శీర్షిక పెట్టారు. పోరాటం ముగిశాక స్త్రీలు తిరిగి వంటింటికి పరిమితం కావలసివచ్చిన నిరాశ కూడా ఆ కథనాల్లో ఉంది.

ఇంగ్లండు నమూనాలో స్వర్ణయుగం సంక్షోభానికి ముందు ఉంటుంది: కంచెలు వేయక ముందరి పొలం, యంత్రం రాకముందరి వ్యవసాయం. జనగామలో ఆ క్రమం తలకిందులైంది. గడి ఎదుట తల ఎత్తి నడిచిన 1946–51 మధ్య సంవత్సరాలే ఇక్కడ వెలుగుగా గుర్తున్నాయి. ఆ వెలుగు వెనుక రజాకార్ల దాడులు, సైనిక చర్య అనంతర నిర్బంధం, పోరాట విరమణపై భేదాభిప్రాయాలు ఉన్నాయి. కాబట్టి ఈ బెంగను కూడా పరిశీలించకుండా స్వీకరించలేము. అయినా పల్లెలోని అధిక సంఖ్యాకులు పాత ఊరు తిరిగి రావాలని కోరుకోకపోవడం విలువైన చారిత్రక సమాచారం. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టాలన్న నిర్ణయంతో ఈ జ్ఞాపకం ప్రభుత్వ గుర్తింపు కూడా పొందింది.

6. మహబూబాబాద్: మానుకోట, రైలు, దోర్నకల్

మహబూబాబాద్ అనే పేరు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌ను తలపిస్తుంది. ప్రజల నోట మాత్రం అది ఇప్పటికీ మానుకోటే. ఒక ఊరికి దఫ్తరంలో ఒక పేరు, నోటిలో మరొక పేరు నిలవడం జ్ఞాపకపు పట్టుదలకు సాక్ష్యం.

ఇక్కడి 'అప్పట్లో'ను నిర్ణయించిన వాటిలో రైలు ఒకటి. సికింద్రాబాద్ నుంచి 1886లో వరంగల్ చేరిన రైలుమార్గం దోర్నకల్ మీదుగా 1889 నాటికి బెజవాడను కలిపింది. దోర్నకల్ నుంచి బొగ్గు కోసం ఇల్లందుకు శాఖ వేశారు. నిజాం రాజ్యపు పల్లె దీనితో బ్రిటిష్ ఆంధ్రతో ముడిపడింది. ధాన్యం, మనుషులు, పత్రికలు, ఆలోచనలు ఈ దారిన నడిచాయి.

దోర్నకల్ కథ ప్రత్యేకమైనది. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ ఈ ప్రాంతంలో పనిచేసింది. దాని స్థాపకులలో ఒకరైన వి.ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడై దోర్నకల్ కేంద్రంగా పనిచేశాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి కెథడ్రల్ నిర్మాణంలో హిందూ, ముస్లిం శైలులు కూడా కలిశాయి. ఈ ఉద్యమంలో చేరినవారిలో అధికులు మాల, మాదిగలు. గ్రామ సంస్కరణను ఆదర్శంగా చూసిన గాంధీకీ, అజరయ్యకూ మతాంతరీకరణ విషయంలో 1930లలో విభేదం ఏర్పడింది. ఊరి మంచితనం మీద ఆశ పెట్టుకోవడమా, ఊరి వెలుపల మరొక ఆశ్రయం వెతుక్కోవడమా అన్న ప్రశ్న ఆ విభేదంలో ఇమిడి ఉంది. బడి, ప్రార్థన, అక్షరం చుట్టూ అల్లుకున్న ఈ వాడల జ్ఞాపకం గ్రామచరిత్రల్లో చోటు పొందవలసినది.

సాహిత్యంలో ఈ ప్రాంతపు జ్ఞాపకాన్ని నిలిపినవారు చిన్నగూడూరులో పుట్టిన దాశరథి సోదరులు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవలలో పోరాటానికి ముందరి గడినీ, దొరనూ, వెట్టినీ తెలంగాణ వాడుకభాషలో చిత్రించాడు. ఆత్మకథ 'జీవనయానం'లో బాల్యపు ఊరిని తలచుకున్నాడు. చదువుకున్న వైష్ణవ కుటుంబంలో పుట్టినవాడు ఊరిని ప్రేమిస్తూనే దాని అన్యాయాన్ని చెప్పడం ఈ రచనల విశేషం. ప్రేమా విమర్శా ఒకే కలంలో ఇమడగలవనడానికి ఇది నిదర్శనం.

తండాల సంగతి ఇంకొకటి. రెవిన్యూ గ్రామానికి శివారుగా మాత్రమే లెక్కల్లో ఉన్న లంబాడీ తండాలు 2018 పంచాయతీరాజ్ చట్టం తరువాత పెద్ద సంఖ్యలో గ్రామపంచాయతీలయ్యాయి. తమ ఊరికి తామే సర్పంచిని ఎన్నుకునే అవకాశం కొత్తగా వచ్చినచోట 'పాత రోజులు' అన్న మాటకు అర్థం మారడం సహజం.

7. భూపాలపల్లి: అడవి, బొగ్గు

భూపాలపల్లిలో పాత కాలాన్నీ కొత్త కాలాన్నీ వేరుచేసిన గీత గడి కాదు, బొగ్గుబావి. ములుగు, పరకాల తాలూకాల అడవి అంచున ఉన్న ఈ ప్రాంతానికి 20వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో సింగరేణి గనులు వచ్చాయి. చెల్పూరు వద్ద 500, 600 మెగావాట్ల యూనిట్లతో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వెలసింది. గనికీ విద్యుత్ కేంద్రానికీ, వాటి పొరుగునే ఉన్న గుళ్ల చెరువులకూ ఉమ్మడిగా వినిపించే పేరు కాకతీయులదే. గనికి ఇటువైపు గణపురం కోటగుళ్లు, మరింత ఉత్తరాన పట్టుదసలి నేతకు పేరొందిన మహదేవపూర్, గోదావరి ప్రాణహితల సంగమాన కాళేశ్వరం ఉన్నాయి.

ఇక్కడి బెంగ మనుషుల మధ్య సంబంధాల కంటే నేలను గురించినది. అడవి, పోడు, ఇప్పపూలు, వాగు గురించిన జ్ఞాపకాలకు ఆధారమైన స్థలమే మారిపోయింది. జనగామలో గడి శిథిలమైనా దాని ముందు నిలబడి కథ చెప్పవచ్చు. ఓపెన్‌కాస్ట్ గని తవ్వినచోట చూపడానికి గట్టు గానీ, దారి గానీ మిగలవు. హాస్కిన్స్ పద్ధతిలో నేలను పత్రంగా చదవడం ఇక్కడ సాధ్యం కాదు. అదే సమయంలో గని ఉద్యోగం కొన్ని కుటుంబాలను భూస్వామి మీద ఆధారపడే స్థితి నుంచి తప్పించింది. నేల పోయినందుకు దుఃఖం, జీతం వచ్చినందుకు ఊరట ఒకే ఇంటిలో ఉండవచ్చు. స్థానిక చరిత్ర ఈ రెండింటినీ నమోదు చేయాలి.

8. ఉపసంహారం

పై పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

1. ఊరి బెంగ కాలాన్ని కొలిచే సాధనం. జనగామలో సంఘం, మహబూబాబాద్‌లో రైలు, మిషను, అక్షరం, భూపాలపల్లిలో బొగ్గు 'అప్పట్లో' అన్న మాటకు హద్దులు గీశాయి.

2. స్వర్ణయుగం ఎప్పుడూ మార్పుకు ముందే ఉంటుందన్న ఊహ ఈ ప్రాంతానికి పూర్తిగా వర్తించదు. మార్పు కోసం పోరాడిన కాలమే మక్కువకు పాత్రమైన సందర్భం ఇక్కడ ఉంది.

3. మేర, వెట్టి ఒకే వృత్తి సంబంధాల మీద నడిచాయి. వాటిని వేరుచేసేది కాదనగలిగే హక్కు. గ్రామచరిత్ర రాసేవారు ప్రతి సామరస్య జ్ఞాపకాన్నీ ఈ గీటురాయి మీద పరీక్షించాలి.

4. శాసనం, దఫ్తరం, నోటిమాటలలో ఏ ఒక్కటీ చాలదు. ఒకటి వదిలిన చోట మరొకటి మాట్లాడుతుంది.

ఇందులో నోటిమాటకే వ్యవధి తక్కువ. 1946లో పదిహేనేళ్ల వయసున్నవారు ఇవాళ తొంభై దాటినవారు. శాసనం, పహాణీ మరికొంత కాలం ఆగుతాయి, వారు ఆగరు. కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు విద్యార్థుల చేత తమ తమ ఊళ్ల మౌఖిక చరిత్రను, గడి వైపు నుంచీ, వాడ వైపు నుంచీ, తండా వైపు నుంచీ రికార్డు చేయించడం తక్షణావసరం. బొడ్రాయి పండుగకు ఊరంతా ఒకచోట చేరిన రోజులు ఆ పనికి అనువైనవి. అందరూ తలచుకుంటున్న ఆ వేళలోనే ఎవరు ఏది తలచుకుంటున్నారో, ఎవరు మౌనంగా ఉన్నారో గమనించడానికి వీలుంటుంది.